హెడేక్ ర్యాక్ కింద పొక్కిన పెయింటు: అల్యూమినియం బాడీ ఎఫ్-350 మీద ఒక కేస్ స్టడీ

బండి 2017 మోడల్ ఫోర్డ్ ఎఫ్-350 పికప్. క్రూ క్యాబ్ (నాలుగు తలుపులది), 8 అడుగుల బెడ్ (వెనక సామాను తొట్టి), వెనక ఒంటి చక్రాలు, 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్. తిరిగేది ఒహాయోలో. అక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బండి చేసే పని కట్టడాల సామాను మోయడం, గూస్‌నెక్ ట్రైలర్ (బెడ్ మధ్యలోని బాల్‌కు తగిలించేది) లాగడం. ఓనరు ఫిర్యాదులు మూడు. క్యాబ్ వెనక బిగించిన ఇనుప హెడేక్ ర్యాక్ (సామాను జారి వెనక అద్దానికి తగలకుండా ఆపే చట్రం) పాదాల చుట్టూ పెయింటు పొక్కింది. కుడివైపు బెడ్ గోడకు సొట్ట పడింది, సొట్ట మధ్యలో రేకు చీలింది. మూడోది నమ్మకానికి సంబంధించింది: అల్యూమినియం కాబట్టి బండి తేలికైంది, ఆ మేరకు ఎక్కువ బరువు మోస్తుంది అనుకుని కొన్నాడు, కాటా మీద పెడితే లెక్క కుదరలేదు.

మూడూ ఉక్కు బండికి అలవాటుపడిన చేతుల వల్ల వచ్చినవే. రేకు గట్టిదా మెత్తదా అని ఓనర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. షెడ్డుకు వచ్చే బండ్లలో అసలు నష్టం మాత్రం చాలావరకు అల్యూమినియానికి ఇనుము తగిలిన చోట, లేదా అల్యూమినియం సంగతి తెలియని షెడ్డులో రిపేరైన చోట కనిపిస్తుంది.

ఓనర్ల మాటల్లో ఎంత నిజం

ఎఫ్-250, ఎఫ్-350 లాంటి బరువు పికప్‌ల వరస ఫోర్డ్ సూపర్ డ్యూటీ. అది 1999 నుంచి 2016 వరకు పైపై మార్పులతో ఒకే మూల క్యాబ్ మీద నడిచింది. 2015 సెప్టెంబరులో టెక్సస్ స్టేట్ ఫెయిర్‌లో చూపించిన 2017 మోడల్‌తో బాడీ, బెడ్ రెండూ అల్యూమినియానికి మారాయి. అదే కంపెనీ చిన్న పికప్ ఎఫ్-150 అంతకు రెండు మోడల్ సంవత్సరాల ముందే మారింది. 2023లో సూపర్ డ్యూటీకి మళ్లీ కొత్త డిజైన్ వచ్చినా బాడీ అల్యూమినియమే. రామ్, జీఎం హెవీ డ్యూటీ పికప్‌ల బెడ్‌లు మాత్రం ఉక్కులోనే ఉండిపోయాయి. అందుకే ఈ వాదన ఇంకా తెగలేదు.

ఉప్పు రాష్ట్రాల ఓనర్లు ఈ బాడీని మెచ్చుకోవడానికి గట్టి కారణమే ఉంది. పాత సూపర్ డ్యూటీల్లో ఇంజిన్ బాగానే ఉండగా క్యాబ్ మూలలు, చక్రాల పైన వంపులు, తలుపుల కింది అంచులు తుప్పుకు రాలిపోయేవి. 2017 నుంచి వచ్చిన బండ్లలో ఆ ఎర్ర తుప్పు లేదు. అక్కడితో ఆగకుండా ‘ఈ బండికి తుప్పే పట్టదు’ అనేవాళ్లతోనే చిక్కు. ఛాసిస్, యాక్సిళ్లు, పట్టీ స్ప్రింగులు, హిచ్ అన్నీ ఉక్కే. బాడీ మెరుస్తోంది కదా అని కింద కడగడం మానేసిన బండ్లలో ఛాసిస్ మామూలుగానే పొరలు లేస్తుంది.

సొట్టల గొడవకు ఆజ్యం పోసింది 2016 నాటి షెవ్రొలే ప్రకటన. లోడర్ బకెట్‌తో 825 పౌండ్ల కాంక్రీటు దిమ్మెలను ఎఫ్-150 అల్యూమినియం బెడ్‌లోనూ, తమ సిల్వరాడో ఉక్కు బెడ్‌లోనూ కుమ్మరించారు. మొదటిదానికి చిల్లులు పడ్డాయి, రెండోదానికి సొట్టలు పడ్డాయి. లైనర్ లేని బెడ్‌లో దిమ్మెలు కుమ్మరించేవాడు ఏ బండికైనా శత్రువే. అయినా ఆ ప్రకటన చూపించింది అబద్ధం కాదు. ఉక్కు గట్టిదనపు గుణకం 210 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటే అల్యూమినియానిది 70. వంగకుండా నిలబడే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, ఉక్కు రేకు మందానికి 1.44 రెట్లున్న అల్యూమినియం రేకు అంతే బిగువుగా నిలుస్తుంది. బరువు సగమే ఉంటుంది. కాబట్టి చేత్తో నొక్కితే తేడా తెలియదు. పదునైన మూల వచ్చి గుచ్చుకుంటే తెలుస్తుంది. మెత్తని ఉక్కు చాలా దూరం సాగి సొట్టగా మిగులుతుంది, అల్యూమినియం అంత సాగలేక చీలుతుంది. మందపాటి స్ప్రే లైనర్ గానీ, కనీసం రబ్బరు పరుపు గానీ లేకుండా ఈ బెడ్‌లో రాళ్లు, పైపు ఫిట్టింగులు వేయకూడదు.

కొన్న రోజే బయటపడే చిన్న సంగతి ఇంకోటుంది, అయస్కాంతం అంటదు. తలుపుల మీద కంపెనీ పేరున్న మాగ్నెట్ బోర్డులు, పైకప్పు మీద మాగ్నెట్ అడుగున్న పసుపు బీకన్, ట్రైలర్ లాగేటప్పుడు వెనక తగిలించే మాగ్నెట్ లైట్లు, అన్నీ పనికిరాకుండా పోతాయి. ఆ చిరాకులోనే చాలామంది డ్రిల్లు పట్టుకుంటారు. ఈ కేసులో పెద్ద నష్టం మొదలైంది కూడా అలాంటి రంధ్రాల దగ్గరే.

మూడో ఫిర్యాదు ముందు తేల్చేద్దాం

కొత్త డిజైన్‌లో బరువు 350 పౌండ్ల దాకా, అంటే సుమారు 159 కిలోలు, తగ్గిందని కంపెనీ చెప్పింది. బాడీలో ఆదా చేసిన బరువులో కొంత భాగాన్ని బలమైన ఛాసిస్, యాక్సిళ్లు, లాగుడు సామాను మీద తిరిగి ఖర్చుపెట్టింది. ఎఫ్-150 లాగా ‘700 పౌండ్ల దాకా తగ్గింది’ అన్న లెక్కను ఇక్కడికి తెచ్చుకున్నవాళ్లు నిరాశపడటం సహజం.

మోత సామర్థ్యాన్ని బ్రోషరులో చూడకూడదు. డ్రైవర్ తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండి మొత్తం బరువుకు పరిమితి), వెనక యాక్సిల్ పరిమితి ఉంటాయి. ట్యాంకు నింపి, డ్రైవరు కూర్చుని, ర్యాక్, టూల్‌బాక్స్, గూస్‌నెక్ బాల్ అన్నీ ఉండగా లారీల కాటా మీద ముందు, వెనక యాక్సిళ్లు విడివిడిగా తూచాలి. జీవీడబ్ల్యూఆర్‌లో నుంచి ఆ మొత్తం తీసేస్తే మిగిలేదే మోత. గూస్‌నెక్ ట్రైలర్ తన బరువులో దాదాపు 20 శాతం బెడ్ మీద మోపుతుంది, అంటే 14,000 పౌండ్ల ట్రైలర్‌కు 2,800 పౌండ్లు. ఇనుప హెడేక్ ర్యాక్, నిండు టూల్‌బాక్స్ ఆ మోతలోంచే తినేస్తాయి. ఈ బండిలో తేలింది అదే. బాడీ తేలికైనందుకు దక్కిన లాభంలో మంచి వాటా క్యాబ్ వెనక బిగించిన ఇనుముకే పోయింది.

ఎఫ్-250 ఓనర్లకు ఇంకో గోడ ఉంది. 2017లో దాని జీవీడబ్ల్యూఆర్‌ను 10,000 పౌండ్ల దగ్గర ఆపారు. అది 10,001 పౌండ్లకు చేరితే అమెరికాలో రాష్ట్రాల మధ్య వ్యాపారానికి తిరిగే బండి మీద ఫెడరల్ నిబంధనలు పడతాయి. ఆ గీత కదలదు కాబట్టి బరువైన డీజిల్ ఇంజిన్, ఖరీదైన ట్రిమ్ ఎంచుకున్న కొద్దీ మోత తగ్గుతూ పోతుంది. మైలేజీ మాటకొస్తే, జీవీడబ్ల్యూఆర్ 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకు ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) మైలేజీ లేబుల్ అక్కర్లేదు. అందువల్ల పాత ఉక్కు బండితో పోల్చడానికి ఓనర్ల నోటి లెక్కలే దిక్కు. వాటిలో ట్రైలర్ ఎవరు లాగారో, ఎవరు ఖాళీగా తిరిగారో తేలదు.

ర్యాక్ పాదం కింద ఏం జరిగింది

ర్యాక్ నాలుగు బోల్టుల మీద నిలబడింది. ప్రతి పాదం 6 మిల్లీమీటర్ల ఇనుప పలక, పౌడర్ కోటింగ్‌తో ఉంది. బెడ్ పై అంచుకు రంధ్రాలు చేసి, కింద జింకు పూత బోల్టులతో బిగించారు. మధ్యలో గాస్కెట్ లేదు. రంధ్రాల అంచులకు పెయింటు పూయలేదు. బోల్టు బిగించేటప్పుడు తిరిగిన వాషరు పెయింటును గుండ్రంగా గీసేసింది.

బోల్టులు విప్పాక కుడి ముందు పాదం కింద కనిపించింది ఇది: రంధ్రం చుట్టూ తెల్లని పొడి ముద్దకట్టి ఉంది, దాని బయట పెయింటు బొబ్బలు, బొబ్బల అంచు నుంచి పెయింటు కిందుగా సన్నని గీతలు వంకర్లు తిరుగుతూ వేలెడు దూరం పాకాయి. గోటితో గీరితే పెయింటు పొరలా లేచి వచ్చింది, కింద రేకు మాసిన బూడిద రంగులో గుంతలు పడి ఉంది. పలక అడుగున పౌడర్ కోటింగ్ అరిగిన చోట ఇనుము బయటపడింది. విచిత్రమేమిటంటే ఆ ఇనుముకు తుప్పు పెద్దగా లేదు. దాన్ని కాపాడుతూ అల్యూమినియం కరిగిపోయింది మరి.

ఉప్పునీటిలో ఇనుము, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉంటే కరిగేది అల్యూమినియమే. మొదటి ఒకటి రెండు చలికాలాలు ఏమీ కనిపించదు, ఎందుకంటే బోల్టు మీది జింకు అంతకంటే ముందు కరుగుతూ అల్యూమినియాన్ని కాపాడుతుంది. జింకు అయిపోయాక వంతు రేకుది. ‘రెండేళ్లు బాగానే ఉంది, పెయింటే నాసిరకం’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటి వెనక ఉన్నది ఈ వరసే.

స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే సరిపోతుందని ఓనర్లు ఒకరికొకరు చెప్పుకునే సలహా సగమే సరైనది. స్టెయిన్‌లెస్ తాను తుప్పు పట్టదు గానీ అల్యూమినియాన్ని కరిగించడంలో మామూలు ఇనుముకు తీసిపోదు. అసలు చూడాల్సింది వైశాల్యం. చిన్న బోల్టు, చుట్టూ పెద్ద అల్యూమినియం రేకు అయితే నష్టం విస్తరించి నెమ్మదిగా జరుగుతుంది. ఇక్కడ సంగతి తిరగబడింది. అరచేయంత పెద్ద ఇనుప పలకకు తగిలింది రంధ్రం అంచున గీరుకుపోయిన సన్నని అల్యూమినియం ఉంగరం. చుట్టూ ఉన్న పెయింటు రేకును కాపాడుతూనే కరెంటునంతా ఆ సన్నని ఉంగరం మీదికే తోసింది. అందుకే బోల్టు మార్చి పలకను వదిలేస్తే ఫలితం ఉండదు.

బాగుచేసిన వరస

1. ర్యాక్ దించి, డిస్కుతో గీకే ముందే గ్రీజు, మైనం తీసే ద్రావణంతో తుడవాలి. ఈ పని తర్వాత చేస్తే ఉప్పు, నూనె గుంతల్లోకి దిగిపోతాయి.

2. కనిపించే బొబ్బ అంచు దాటి కనీసం 50 మిల్లీమీటర్లు పెయింటు తీయాలి. పాకిన గీతలు అంతకంటే ముందుకు పోయి ఉంటే వాటి వెంట వెళ్లాలి. పీ80 కంటే గరుకు డిస్కు వాడొద్దు, లోతైన గీతలు మిగులుతాయి. డిస్కు కొత్తదై ఉండాలి. ఉక్కు మీద ఒక్కసారి వాడినదైనా పనికిరాదు, దాని పళ్లలో ఇరుక్కున్న ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి కొత్త పొక్కులకు విత్తనమవుతుంది.

3. గుంతల్లోని తెల్ల పొడిని స్టెయిన్‌లెస్ బ్రష్‌తో తీయాలి. ఆ బ్రష్ అల్యూమినియానికే కేటాయించి ఉండాలి. మామూలు ఇనుప వైర్ వీల్ ముట్టనే కూడదు.

4. రేకు ఎంత మిగిలిందో చూడాలి. మూడు పాదాల దగ్గర గుంతలు పైపైనే ఉన్నాయి. కుడి ముందు పాదం దగ్గర రంధ్రం గుడ్డులా సాగింది, అంచు కాగితంలా పలచబడింది. అక్కడ అంచును గుండ్రంగా కోసి శుభ్రం చేసి, అడుగు నుంచి అల్యూమినియం బలపు పలకను స్ట్రక్చరల్ అంటుతో, బ్లైండ్ రివెట్లతో (ఒకవైపు నుంచే బిగించేవి) బిగించాల్సి వచ్చింది. వెల్డింగ్ పెడితే వేడికి చుట్టుపక్కల రేకు మెత్తబడుతుంది.

5. మళ్లీ తుడిచి, పెయింటు కంపెనీ చెప్పిన అల్యూమినియం ప్రీట్రీట్‌మెంట్ పూసి, ఆ పూటే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. బయటపెట్టిన అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే మొదలవుతుంది, రాత్రంతా వదిలేస్తే ప్రైమర్ పట్టు తగ్గుతుంది. రంధ్రాల లోపలి అంచులకు ప్రైమర్ బ్రష్‌తోనే పూయాలి, స్ప్రే అక్కడికి చేరదు. పుట్టీ అవసరమైతే ఎపాక్సీ మీదే వేయాలి.

6. తిరిగి బిగించేటప్పుడు పలక కింద 3 మిల్లీమీటర్ల నైలాన్ గానీ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గానీ షీటు, పలక కంటే అన్ని వైపులా 5 మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా కోయాలి. బోల్టు కాడకు నైలాన్ బుష్, తల కింద నైలాన్ వాషరు, దాని మీద లోహపు వాషరు పడాలి. నల్ల రబ్బరు గాస్కెట్ దొరికింది కదా అని వేయొద్దు. కార్బన్ బ్లాక్ దట్టించిన రబ్బరు కొన్ని రకాల్లో కరెంటును పోనిస్తుంది, అప్పుడు గాస్కెట్టే వైరవుతుంది.

7. బిగించాక మల్టీమీటర్ ఒక కాలు ర్యాక్ ఇనుము మీద, ఇంకో కాలు బెడ్‌లో పెయింటు లేని అల్యూమినియం మీద పెట్టాలి. సర్క్యూట్ తెరిచి ఉండాలి. బీప్ వస్తే ఏదో బుష్ చీలింది, విప్పి చూడాల్సిందే.

ఏడో అంకెలో ఈ బండి మొదటిసారి తప్పింది. నాలుగు బుష్‌లూ బాగానే ఉన్నా మీటరు మోగుతూనే ఉంది. కారణం ర్యాక్ మీది పని లైట్లు. పాత బిగింపులో లైటు నెగెటివ్ తీగను ర్యాక్‌కే చుట్టేశారు, ర్యాక్ బాడీకి తగిలి ఉంది కాబట్టి లైటు వెలిగింది. పాదాలను వేరుచేస్తే లైటు ఆరిపోతుందని, బిగించిన చోట ఎవరో ర్యాక్ నుంచి బెడ్‌కు ఒక ఎర్త్ పట్టీ కూడా వేసి ఉంచారు. నైలాన్ ఎంత మందం వేసినా ఆ పట్టీ ఉన్నంతకాలం రెండు లోహాలూ ఒకటే. పరిష్కారం లైటుకు రెండు తీగలూ విడిగా తేవడం. నెగెటివ్‌ను ఫ్యాక్టరీ ఎర్త్ పాయింట్ దాకా లాగాలి, లైటు కాలును ర్యాక్ మీద ప్లాస్టిక్ వాషర్ల మధ్య కూర్చోబెట్టాలి. పట్టీ తీసేశాక మీటరు నోరు మూసుకుంది.

చీలిన బెడ్ గోడ

ఇక్కడ ఓనరు చేతిలో అప్పటికే రెండు అంచనాలున్నాయి, వాటి మధ్య తేడా చాలా ఎక్కువ. ఒకరు సొట్ట లాగి పుట్టీ పెడతామన్నారు, మరొకరు బయటి గోడ మొత్తం మారుస్తామన్నారు. అల్యూమినియం రిపేరు ఖరీదన్న పేరు ఉత్తదేమీ కాదు. 2015లో అమెరికా బీమా సంస్థల పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ తక్కువ వేగపు గుద్దులతో చూసినప్పుడు, అల్యూమినియం ఎఫ్-150 రిపేరుకు పాత ఉక్కు ఎఫ్-150 కంటే 26 శాతం ఎక్కువైంది.

చీలిక ఎక్కడిదాకా పోయిందో ముందు తేల్చాలి. కంటికి కనిపించే చివర నిజమైన చివర కాదు. అయస్కాంత పరీక్ష ఇక్కడ పనిచేయదు కాబట్టి రంగు చొచ్చుకుపోయే డై పెనెట్రెంట్ వాడాలి. ఈ గోడలో చీలిక మడత గీతను దాటి చక్రపు వంపు వైపు పోయింది. మడత గీత దాటితే లాగుడు మానేసి గోడ మార్చడమే మేలు. మడత దగ్గర రేకు ఫ్యాక్టరీలో ఒకసారి వంగి గట్టిపడింది, మళ్లీ వంచితే కొత్త చోట చీలుతుంది.

చీలిక లేని సొట్ట అయితే వరస వేరు. ఉక్కు సొట్ట అంచులు వదిలితే కొంత తానే వెనక్కి వస్తుంది, అల్యూమినియం ఆ సాయం చేయదు. చెక్క లేదా ప్లాస్టిక్ ముఖమున్న సుత్తి వాడాలి, స్టడ్‌తో లాగితే అల్యూమినియం స్టడ్ వాడాలి. కొద్దిగా వెచ్చచేస్తే లోహం కదులుతుంది, కానీ ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు. ఉన్నట్టుండి మెత్తబడి కూలుతుంది. లేజర్ థర్మామీటర్‌ను నమ్మి చెడిన ప్యానెళ్లున్నాయి. మెరిసే అల్యూమినియం వేడిని తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి ఆ మీటరు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. వేడి చేసే చోట పక్కనే రంగు మారే టెంపరేచర్ క్రేయాన్ గీత గీసి, తయారీదారు రిపేరు పుస్తకంలోని పరిమితి దాటకుండా ఆగాలి.

గోడ మార్చేటప్పుడు పాత సెల్ఫ్ పియర్సింగ్ రివెట్లను (ముందు రంధ్రం చేయకుండా రేకులోకి గుచ్చినవి) ఒత్తి బయటికి నెట్టడమే శుభ్రం. తల గ్రైండ్ చేస్తే రివెట్ ఉక్కు రజను లోపల చేరుతుంది. కొత్త రివెట్ పాత రంధ్రంలో పట్టదు, పక్కన వేయాలి. రివెట్ గన్ అందని చోట రిపేరు పుస్తకం ఒప్పుకున్న సైజు బ్లైండ్ రివెట్. అతుకు బలంలో పెద్ద వాటా అంటుదే, రివెట్ అది ఆరేదాకా పట్టుకునే చెయ్యి కూడా.

షెడ్డును ఎంచుకునే ఓనరుకు రెండు ప్రశ్నలు చాలు. అల్యూమినియం పనికి తెరలతో వేరుచేసిన గది, విడి పనిముట్లు ఉన్నాయా? ఆ దుమ్మును నీళ్లలో కలిపి పట్టే యంత్రం ఉందా? రెండోది ఉండకపోతే ప్రమాదం మనుషులకే. అల్యూమినియం ధూళి గాలిలో పేలుతుంది. అదే సంచిలో తుప్పు రజను కూడా చేరితే థర్మైట్ (అంటుకుంటే ఇనుమునే కరిగించే మిశ్రమం) దినుసులు ఒక్కచోట చేరినట్టే. ఈ పికప్‌లు తెలుగు రాష్ట్రాల్లో అమ్మకానికి లేవు గానీ, జాగ్వార్ ఎక్స్ఎఫ్ లాంటి అల్యూమినియం బాడీ కార్లు హైదరాబాద్‌లో తిరుగుతున్నాయి. వాటిని మామూలు టింకరింగ్ షెడ్డుకు ఇచ్చేవాళ్లు కూడా ఈ రెండూ అడగాలి.

బెడ్‌లో ఏం మోస్తున్నారు

ఉప్పు ఒక్కటే కాదు. తడి సిమెంటు, సున్నం అల్యూమినియం మీది రక్షణ పొరనే కరిగిస్తాయి. చిరిగిన సిమెంటు బస్తా కింద వాన నీళ్లు చేరితే లైనర్ లేని చోట మచ్చ మిగులుతుంది. ఎరువుల్లో పొటాషియం క్లోరైడ్ ఉప్పుతో సమానం. అన్నిటికంటే చెడ్డది రాగి. మైలుతుత్తం, బోర్డో మిశ్రమం ఒలికితే రాగి అల్యూమినియం మీద పేరుకుని, పేరుకున్న ప్రతి చుక్కా ఒక చిన్న బ్యాటరీలా చుట్టూ తినడం మొదలుపెడుతుంది. తోటల రైతులు మందు డ్రమ్ములను ప్లాస్టిక్ ట్రేలో పెట్టి మోయాలి, ఒలికితే ఆరకముందే కడగాలి. బెడ్‌లో నిలబడి ఇనుప పైపు గ్రైండ్ చేయడం కూడా ఈ జాబితాలోదే. ఎగిరిన నిప్పురవ్వలు పెయింటులో దిగి, తర్వాతి వానకు నారింజ చుక్కలవుతాయి. ఐరన్ రిమూవర్ చల్లితే ఊదారంగుకు తిరిగి బయటపడతాయి, మిగిలినవి క్లే బార్‌కు వస్తాయి.

పాత బండి కొనేటప్పుడు పుట్టీ పట్టుకోవడానికి జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లే అలవాటు ఇక్కడ చెల్లదు, అది ఎక్కడా అంటదు. చవక పెయింటు మందం మీటర్లలో కొన్ని ఉక్కు మీదే పనిచేస్తాయి, అల్యూమినియం మీద తప్పు చూపిస్తాయి, లేదా ఏమీ చూపించవు. ఎడ్డీ కరెంట్‌తో నాన్‌ఫెర్రస్ లోహాలను కొలిచే రకం తీసుకెళ్లాలి. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒకే ప్యానెల్‌లో ఒకచోట అది అనేక వందలకు ఎగబాకితే కింద పుట్టీ ఉన్నట్టే. ఆపైన బెడ్ అంచుల మీద ర్యాక్, టూల్‌బాక్స్ ఏది ఉన్నా, ఒక్క బోల్టు విప్పి దాని కింద చూడనివ్వని అమ్మకందారు దగ్గర ధర మాట్లాడకండి.